ఆరని గంధం

"గుండు మనిషంట! తిరుపతిలో గుండు మనిషిని వెతకమంటే యాడని వెతకాల మేడమ్? కొండ దిగే ప్రతి బస్సులోనూ సగం మంది వాళ్ళే!"

సెక్యూరిటీ చీఫ్ భానుచందర్ బల్ల మీద చరిచిన చరుపుకి కప్పులోని కాఫీ సాసర్‌లోకి తొణికింది. ఆ కాఫీ డిటెక్టివ్ పద్మాక్షిది. ఆమె ఒకసారి అతని వైపు చూసి, సాసర్‌లోది జాగ్రత్తగా మళ్ళీ కప్పులోకి వంపుకుంది. హంసవాహన గ్రాండ్ హోటల్లో కాఫీ ఖరీదు తెలిసిన మనిషెవరూ చుక్క కూడా వదులుకోరు.

హోటల్ యజమానురాలు వసంతమ్మ చెన్నై నుంచి ఫోన్ చేసి, "పోలీసులు వచ్చేలోగా నువ్వొకసారి చూడమ్మా" అంటేనే పద్మాక్షి వచ్చింది. దేవస్థానం విజిలెన్స్‌లో పన్నెండేళ్ళు పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి సొంతంగా ఏజెన్సీ పెట్టుకున్న మనిషి ఆమె. ఏజెన్సీ అంటే ఒక గది, ఒక ఫ్యాను, తిరుచానూరులో ఆమె పేరు చెబితే దారి చూపించే నలుగురు పూలమ్ముకునేవాళ్ళు. అంతే.

"మొత్తం ఇంకోసారి చెప్పండి భానుచందర్ గారూ. బల్ల కొట్టకుండా."

భానుచందర్ మీసం సవరించుకున్నాడు. అతను చిత్తూరులో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి వచ్చినవాడు. మూడేళ్ళ క్రితం రేణిగుంట కేసులో అతను పట్టుకున్న దొంగ దొంగ కాడని పద్మాక్షి తేల్చింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"ఏముండాది చెప్పేదానికి? 407 సూట్‌లో పలమనేరు డెయిరీ ఓనరు మునిప్రసాద్ గారు దిగినాడు. ఎల్లుండి తిరుచానూరులో కూతురి పెళ్ళి. తెల్లారుజామున అందరూ కొండకి పోయినారు. పదకొండున్నరకి వచ్చి సూస్తే లాకర్ తలుపు బార్లా తెరిచి ఉండాది. ఆయనమ్మ కాసులపేరు లేదు. మధ్యలో ఆ గది తలుపు తెరుచుకునింది ఒక్కసారే, పదింబావుకి. హౌస్‌కీపింగ్ కార్డుతో. ఆ కార్డు ఈ పిల్లది."

ఈ పిల్ల అంటే గోడ పక్క కుర్చీ అంచు మీద కూర్చున్న సుజన. నీలం యూనిఫాం, చెదరని జడ, ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్ళు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య గట్టిగా నొక్కి పెట్టుకుంది.

"మొదట ఏమనిందో తెలుసునా? తువ్వాళ్ళు మార్చను పోయినా అనింది. గట్టిగా అడిగేసరికి, ఎవరో గుండాయన తలుపు తీయమంటే తీసినా అని కథ మార్చింది. మా కెమెరా నాలుగో అంతస్తులో లిఫ్టూ మెట్లూ రెండూ సూస్తాది. పొద్దున్నించి మునిప్రసాద్ గారు తిరిగొచ్చేదాకా ఆ అంతస్తుకి గుండుతో ఒక్కడంటే ఒక్కడు రాలేదు. పైగా 409లో ఉండే పెద్దాయన, ఈ పిల్ల ఒక్కతే లోపలికి పోవడం కళ్ళారా సూసినానన్నాడు."

"గదుల ముందు కెమెరా లేదా?"

"సూట్లలో దిగేవాళ్ళు ఒప్పుకోరు మేడమ్. పెద్దోళ్ళు. ఒంటిగంటకి పోలీసులు వస్తారు, అప్పజెప్పేస్తా. మీరు కాఫీ తాగి పోండి."

"అట్లాగే. ఈలోగా మీరు కొంచెం బయట ఉంటారా? మీ గొంతు వింటుంటే ఆ నగ నేనే తీసినానని ఒప్పుకోబుద్ధవుతోంది."

భానుచందర్ ముఖం ముడుచుకుని బయటికి నడిచాడు. తలుపు మాత్రం కావలసినదాని కంటే గట్టిగానే పడింది.

పద్మాక్షి తన కుర్చీని సుజన దగ్గరికి జరుపుకుంది.

"మొదట అబద్ధం ఎందుకు చెప్పినావమ్మా?"

"కార్డు చూడకుండా తలుపు తీస్తే ఉద్యోగం పోతాది మేడమ్. చేరిన మొదటిరోజే చెప్తారు."

"మరి తెలిసీ ఎందుకు తీసినావు?"

సుజన తల ఎత్తింది. "407 సారు నిన్న సాయంత్రమే చెప్పినాడు, పొద్దున తలనీలాలు ఇస్తానని. నున్నటి గుండు, తలంతా గంధం, నాకు చేతులెత్తి దండం పెట్టి 'కార్డు మా ఆవిడ దగ్గర ఉండిపోయిందమ్మా, కాళ్ళు పీకుతా ఉండాయి' అన్నాడు. దేవుడికి జుట్టిచ్చి వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టి, నీ కార్డు చూపించు అంటామా మేడమ్? నోరు రాలేదు."

తానైనా ఆ మాట అనగలిగేది కాదని పద్మాక్షికి తెలుసు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు చేసే తప్పు అది. వేరే ఊరి హోటల్లో ఏ అమ్మాయీ చేయదు.

"ఆయన ముఖం చూడలేదా?"

"చూసినా. నిన్న సారుకి జుట్టూ మీసమూ ఉండినాయి. అవి పోతే ముఖమే మారిపోతాది గదా! మా నాయన గుండు చేసుకోని వస్తే మా ఇంటి కుక్కే మొరిగింది."

నవ్వొచ్చినా పద్మాక్షి ఆపుకుంది. "గంధం ఎట్లా ఉండింది?"

"ఎట్లా అంటే... పచ్చిగా. చెవి వెనక నించి మెడ మీదికి కారతా ఉండింది. కాలరుకి అంటుతాదని టిష్యూ ఇవ్వబోతే వద్దన్నాడు."

కప్పు పెదాల దాకా తీసుకెళ్ళిన పద్మాక్షి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"కారుతా ఉండిందా? బాగా గుర్తుందా?"

"ఉండాది మేడమ్. నేల మీద చుక్క పడితే నేనే తుడిచినా." సుజన గొంతు వణికింది. "సూళ్ళూరుపేట నించి వచ్చి హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకున్నా. మా ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే. దొంగతనం కేసులో పేరు పడితే ఇంక ఏ హోటల్ గేటూ నన్ను దాటనీయదు. తలుపు తీసిన తప్పు నాదే. కానీ నగ నేను చూడను కూడా చూడలేదు."

"తలుపు తీసిన తప్పుకి నువ్వే జవాబు చెప్పుకోవాల. దాంట్లో నేను సాయం చేయను," అంది పద్మాక్షి లేస్తూ. "నగ సంగతి నాకొదిలెయ్. కళ్ళు తుడుచుకో, మొహం కడుక్కో. నీతో పని పడతాది."

నాలుగో అంతస్తులో లిఫ్టు దిగగానే 409 తలుపు ఓరగా తెరుచుకుంది. తెల్లని ఒత్తైన జుట్టు వెనక్కి దువ్వుకున్న పెద్దమనిషి బయటికి వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ నలగని ఖద్దరు చొక్కా, బంగారు ఫ్రేము కళ్ళజోడు.

"మీరేనా అమ్మా డిటెక్టివ్? నా పేరు శ్రీమన్నారాయణ. సంస్కృతం లెక్చరర్‌గా చేసి రిటైరైనాను. ఆ అమ్మాయి చిన్నపిల్ల తల్లీ, ఏదో బుద్ధి గడ్డితిని ఉంటుంది. నేను చూసింది చూసినట్టు చెప్పక తప్పింది కాదు. కానీ కొంచెం దయ చూపించమనండి."

"మీ మంచి మనసు సార్," అంది పద్మాక్షి. ఆయన కుడి చెవి వెనక సన్నగా ఏదో పచ్చని చార ఆరిపోయి ఉంది. పూజ చేసుకున్నాడేమో అనుకుంది. నుదురు మాత్రం బోసిగా ఉంది.

"మీరు ఎన్నాళ్ళుంటారు?"

"ఈ పూటే ప్రయాణం. మధ్యాహ్నం విమానానికి పోతున్నా."

అప్పటికే భానుచందర్ 407 తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. లోపల మునిప్రసాద్ పంజరంలో పులిలా తిరుగుతున్నాడు. ఆయన గుండు మీద గంధం ఎండిపోయి, ఎండాకాలం చెరువు అడుగులా పగుళ్ళిచ్చింది. పెచ్చులు పెచ్చులుగా భుజాల మీద రాలుతోంది.

"నా బిడ్డ పెళ్ళికి పెట్టాలని పెట్టుకున్న నగమ్మా అది! మా అవ్వ కాలం నాటిది! ఇంత పెద్ద హోటల్లో దిగి నగ పోగొట్టుకుంటే పలమనేరులో నా మొహం ఎట్లా చూపించేది?"

"సార్, తలనీలాలు ఎన్నింటికి ఇచ్చినారు?"

"నగ పోయిందంటే తలనీలాలు అంటావేందమ్మా! తొమ్మిదికి."

"గంధం ఎప్పుడు ఆరింది?"

మునిప్రసాద్ ఆమె వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఘాట్ రోడ్డు గాలికి రెండు మలుపులు తిరిగేలోగా ఆరిపోయింది. ఒకటే దురద."

పద్మాక్షి భానుచందర్ వైపు తిరిగింది. "విన్నారా? కొండ మీద పూసిన గంధం హోటల్ దాకా పచ్చిగా రాదు. కానీ సుజన చూసిన మనిషికి గంధం కారుతోంది. మీ కెమెరా చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ మనిషి పైకి రాలేదు. పైనే ఉన్నాడు. ఈ అంతస్తులోనే ఒక గదిలో గంధం పూసుకుని, నాలుగడుగులేసి ఈ తలుపు దగ్గరికి వచ్చినాడు."

"ఆ పిల్ల మాట నమ్మితే గదా ఇదంతా!"

"అబద్ధం అల్లేవాళ్ళు గుండు అల్లుతారు, గంధం అల్లుతారు. కాలరుకి అంటుతుందని టిష్యూ ఇవ్వబోయినట్టు కూడా అల్లుతారా? మీరు పోలీసుగా ఎన్ని అబద్ధాలు విని ఉంటారు? అందులో ఒక్కటైనా ఇంత వివరంగా ఉందా?"

మొదటిసారి భానుచందర్ చేయి మీసం మీద కాకుండా గడ్డం మీదికి పోయింది.

హంసవాహనలో సూట్లకి ఒక మర్యాద ఉంది. రోజూ పొద్దున్నే ప్రతి సూట్‌కీ వెండి గిన్నెలో తడి గంధం పంపుతారు. పచ్చకర్పూరం, కుంకుమపువ్వు కలిపి తీసిన గంధం. 407లో ఆ గిన్నె కిటికీ పక్కన బల్ల మీద మూతపెట్టి ఉంది. పద్మాక్షి మూత తీసి చూసింది. నిండుగా, నున్నగా, వేలు పెట్టిన జాడ లేకుండా ఉంది.

"ఈ అంతస్తులో ఇంకా ఎన్ని సూట్లలో మనుషులు ఉన్నారు?"

"409 ఒక్కటే," అన్నాడు భానుచందర్. అన్న వెంటనే ముఖం చిట్లించాడు. "మేడమ్, ఆ పెద్దాయనకి తలనిండా జుట్టుండాది. సూసినారు గదా!"

"చూసినాను," అంది పద్మాక్షి. చెవి వెనక చార గుర్తొచ్చింది. తల మీద అంత జుట్టున్న మనిషికి చెవి వెనక గంధం ఎందుకుంటుంది? పూజ చేసుకునేవాడైతే ముందు నుదుటన పెట్టుకోడా?

ఆమె బీరువా తెరిచి లాకర్ చూసింది. ఎక్కడా గీత లేదు, వంకర లేదు. నంబరు తెలిసిన మనిషి తీసినట్టు ఉంది. తరవాత చీర కుచ్చిళ్ళు దగ్గరకి తీసుకుని నేల మీద కూర్చుని, ఫోన్ టార్చ్ వేసి బీరువా అడుగుకి చూపించింది. లోపల, గోడ వారగా ఏదో ఎర్రగా కనిపించింది. మూలనున్న గొడుగు కర్రతో లాగితే ఎర్రని పట్టుగుడ్డ ఒకటి బయటికి వచ్చింది.

"మాయమ్మ కాసులపేరు చుట్టిపెట్టే గుడ్డ!" అని అరిచాడు మునిప్రసాద్.

"ఇంకేముండాది? నగ తీసుకోని గుడ్డ గిరాటేసినాడు," అన్నాడు భానుచందర్.

గుడ్డ అంచు మీద రెండు వేళ్ళ గంధం మరక. పద్మాక్షి వాసన చూసింది. పచ్చకర్పూరం గుప్పుమంది. హోటల్ గంధమే. గుడ్డ మడతల మధ్య వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. దాన్ని ఎవరూ చూడకుండా అరచేతిలోకి తీసుకుని కొంగు కింద దాచేసింది.

"మునిప్రసాద్ గారూ, మీ అమ్మగారితో ఒంటరిగా మాట్లాడాల."

"మాయమ్మకి బీపీ. నగ పోయినప్పటి నించి మంచం దిగలేదు. ఆమెకి ఇంకేమీ చెప్పలేదు, ఎవర్ని పట్టుకున్నారో కూడా చెప్పలేదు."

"అదే మంచిది," అని పద్మాక్షి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

మునిరత్నమ్మ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. మెడ సరే, చెవులు కూడా బోసిగా ఉన్నాయి. ముక్కుకి పుడక లేదు, చేతులకి గాజు ముక్క లేదు. లాకర్‌లో నగ పోయింది ఒక్కటే కదా, మరి ఇవన్నీ ఏమైనట్టు?

పద్మాక్షి మంచం అంచున కూర్చుని, అరచెయ్యి తెరిచి, అందులో ఉన్నదాన్ని తెల్లని దుప్పటి మీద పెట్టింది.

పసుపుకొమ్ము.

మునిరత్నమ్మ దాన్ని చూసి కళ్ళు మూసుకుంది.

"మా అమ్మ కూడా ఇట్లాగే చేసేదమ్మా," అంది పద్మాక్షి మెల్లగా. "బంగారం తీసిన చోటు ఖాళీగా ఉంచకూడదని, బదులుగా పసుపుకొమ్ము పెట్టేది. దొంగ పసుపుకొమ్ము పెట్టి పోడు. పెట్టేది ఇంటి ఆడమనిషే. నిలువుదోపిడీ మొక్కు గదా?"

ముసలామె కళ్ళ వెంట నీళ్ళు జారాయి. "నిరుడు వాడికి గుండె ఆపరేషన్ చేసేటప్పుడు ఆస్పత్రి వరండాలో నిలబడి మొక్కుకున్నా అమ్మణ్ణీ. నా బిడ్డని లేపి కూర్చోబెట్టు సామీ, ఒంటి మీద ఉండేదంతా వలిచి నీ హుండీలో వేస్తానని. కాసులపేరు వేసుకోని పోదునా, వాడు చూస్తే అడ్డం పడతాడు. మనమరాలి పెళ్ళికని పెట్టుకున్నాడు గదా. అందుకే తెల్లారి లేచి, చీర కింద కనపడకుండా వేసుకోని, గుడ్డలో కొమ్ము పెట్టి పోయినా. సామి ముందర అంతా వలిచి ఇచ్చేసినా. వచ్చినాక మెల్లిగా చెప్పుకుందామంటే, వచ్చీ రాంగానే దొంగలు దొంగలని కేకలు మొదలుపెట్టినాడు. నోరు పెగల్లేదు. రెండు రోజులు పోతే వాడే మరిచిపోతాడులే అనుకున్నా."

"కింద ఒక ఆడపిల్లని కూర్చోబెట్టినారమ్మా. ఇంకో అరగంటలో పోలీసులకి ఇస్తారు."

మునిరత్నమ్మ నిటారుగా లేచి కూర్చుంది. "ఏ పిల్లని? ఆ నీలం బట్టల పిల్లనా? నిన్న నా కాళ్ళకి వేణ్ణీళ్ళు తెచ్చిచ్చిన పిల్లనా?" అంటూనే కాళ్ళు మంచం దింపింది. "నా బిడ్డని బతికించుకునేదానికి మొక్కిన మొక్కు, ఇంకొకరి బిడ్డని తినేదానికా? పద. నేనే చెప్తా. అందరి ముందరా చెప్తా!"

తలుపు దానంతట అదే తెరుచుకుంది. మునిప్రసాద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతసేపూ విన్నాడన్నది ఆయన ముఖంలోనే తెలుస్తోంది.

"అమా... నాకోసమా?"

"నీ పానం కంటే కాసులపేరు ఎక్కువారా?"

అంత పెద్ద మనిషి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. గంధం పెచ్చులు ఆమె చీర మీద రాలాయి. "పోనీలేమా. పిల్లకి ఇంకొకటి చేయిస్తా. నువ్వు ఎందుకు భయపడినావు నాతో చెప్పను?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పద్మాక్షి కిటికీ వైపు తిరిగి కాసేపు బయటికి చూసింది.

తరవాత అడిగింది. "అమ్మా, లాకర్‌కి నంబరు పెట్టింది ఎవరు?"

"పక్క రూములో పెద్దాయన. నాకు ఆ మీటలు తెలుస్తాయా? ఇదేందో చూడు నాయనా అంటే పాపం నంబరు పెట్టి, తీసేది కూడా నేర్పించినాడు. మంచి మనిషి. మా కుటుంబం సంగతులన్నీ అడిగి తెలుసుకున్నాడు. కొండకి ఎప్పుడు పోతారు, గుండు ఎవరు చేసుకుంటారు అని."

"ఇంకో అరగంట ఆగండి. మొక్కు సంగతి ఎవరికీ చెప్పద్దు. ఆ పిల్ల బాధ్యత నాది."

భానుచందర్ వరండాలో ఎదురుచూస్తున్నాడు. పద్మాక్షి అతనికి అన్నీ చెప్పేసింది, మొక్కు, పసుపుకొమ్ము, లాకర్ నంబరు, చెవి వెనక చార. వినేకొద్దీ అతని మెడ ఎర్రబడింది.

"అంటే వాడు వచ్చేసరికి లాకర్‌లో ఏమీ లేదు."

"పసుపుకొమ్ము తప్ప."

"నగ పోలేదు, వాడి చేతిలో ఏమీ దొరకదు. జుట్టు పట్టుకోని లాగితే, అది నిజం జుట్టైతే నా ఉద్యోగం పోతాది మేడమ్."

"అందుకే లాగం. వాడి చేతే చెప్పిద్దాం. పసుపుకొమ్ము సంగతి తెలిసినవాళ్ళు మనమూ, తల్లీకొడుకులూ. ఇంకెవరికైనా తెలిసి ఉంటే, వాడు ఆ గుడ్డ విప్పినవాడే. మీ మనుషుల్ని లాబీ తలుపు దగ్గర నిలబెట్టండి. సుజనని రిసెప్షన్‌కి తీసుకురండి."

భానుచందర్ రెండు క్షణాలు తటపటాయించాడు. ఆ తరవాత వాకీటాకీ తీశాడు.

లాబీలో రిసెప్షన్ ముందు శ్రీమన్నారాయణ సూట్‌కేసు పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళే అతిథికి గంధం పూసి తాంబూలం ఇవ్వడం అక్కడి ఆచారం. ఆ వెండి గిన్నె పద్మాక్షి చేతిలో ఉంది.

"ప్రయాణమా సార్? ఒక మంచి మాట విని వెళ్ళండి. మునిరత్నమ్మగారి కాసులపేరు దొరికింది."

కళ్ళజోడు వెనక కళ్ళు ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలాయి. "చాలా సంతోషం తల్లీ. ఆ అమ్మాయి ఒప్పుకుందా?"

"అసలు ఎవరూ తీయలేదు సార్. ఎర్రగుడ్డలోనే ఉందంట. దొంగ ఎవడో గానీ వట్టి తెలివితక్కువవాడు. మూట చేతిలోకి తీసుకుని, లోపలి మడత విప్పకుండా బీరువా కింద పారేసి పోయినాడు. అంత బంగారం! చేతిదాకా వచ్చి!"

"లోపలి మడతా?" ఆయన గొంతులో అంతసేపూ ఉన్న మెత్తదనం పోయింది. "గుడ్డలో పసుపుకొమ్ము తప్ప ఏముంది..."

ఆ మాట అక్కడే తెగింది. ఫ్లవర్ వాజులో నీళ్ళు మారుస్తున్న మనిషి కూడా ఆగిపోయాడు.

"పసుపుకొమ్ము," అంది పద్మాక్షి నెమ్మదిగా. "ఆ కొమ్ము సంగతి మేము ఎవరికీ చెప్పలేదే సార్! మీకెట్లా తెలిసింది?"

శ్రీమన్నారాయణ సూట్‌కేసు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. తలుపు వైపు చూశాడు. అక్కడ భానుచందర్ మనుషులు నలుగురు నిలబడి ఉన్నారు.

"తాంబూలం తీసుకోకుండా పోతారా? గంధం పూస్తాను, ఉండండి." పద్మాక్షి దగ్గరికి వెళ్ళి ఆయన కుడి చెవి వైపు వంగి చూసింది. "అయ్యో, పొద్దున్నే పూసుకున్నారే! కడుక్కునేటప్పుడు చెవి వెనక మరిచిపోయినట్టున్నారు. జుట్టు లోపలికి కూడా పోయిందే!"

ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు. ఆ జరగడంలో, అప్పటికే వెనక వచ్చి నిలబడిన భానుచందర్ ఛాతీకే తగిలాడు. భానుచందర్ రెండు వేళ్ళతో, పెళ్ళికొడుకు తలపాగా సర్దినంత మర్యాదగా, ఆ తెల్లని జుట్టు ఎత్తాడు. అది మొత్తంగా అతని చేతిలోకి వచ్చేసింది.

కింద నున్నని గుండు. ఈ పూట చేసిన గుండు కాదు. మునిప్రసాద్ తలలా తెల్లగా పాలిపోయి లేదు, ముఖంతో సమానంగా చామనఛాయ తేలి ఉంది. చెవుల వెనక, మెడ మడతల్లో, ఆరిపోయిన గంధం.

"ఈయనే మేడమ్." రిసెప్షన్ పక్కన నిలబడిన సుజన గొంతు ఈసారి వణకలేదు. "నాకు దండం పెట్టింది ఈయనే. కాళ్ళు పీకుతా ఉండాయన్నది ఈయనే."

లిఫ్టులోంచి కొడుకు చెయ్యి పట్టుకుని మునిరత్నమ్మ దిగివస్తోంది. ఆమె ఎవరినీ చూడకుండా నేరుగా సుజన దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ ఆ అమ్మాయి చెంపలకి ఆన్చి, అట్లాగే నిలబడిపోయింది. సుజన ఆమెని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

బయట జీపు ఆగిన చప్పుడైంది. ఎస్సై లోపలికి వస్తూనే, "యాడుండాది ఆ పిల్ల?" అన్నాడు.

భానుచందర్ ఒక్క క్షణం పద్మాక్షి వైపు చూశాడు. తరవాత సుజనకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"పిల్ల కాదు సార్. పొద్దున ఫోన్‌లో చెప్పిన పేరు కొట్టేయండి. తప్పు నాది, పొరపాటుగా చెప్పినా." సుజన వైపు సగం తిరిగి, "తలుపు తీసిందానికి రేపు పొద్దున నా దగ్గరికి రావాల. డ్యూటీ డ్రెస్‌లో రా," అన్నాడు.

డ్యూటీ డ్రెస్‌లో అన్న మాట సుజనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక, పొద్దున్నించి మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకుంది.

ఎస్సై పెన్ను తీశాడు. "అయితే ఎవరి పేరు రాయాల?"

భానుచందర్ చేతిలోని విగ్గుని రిసెప్షన్ బల్ల మీద, వెండి గిన్నె పక్కన పెట్టి, గుండాయన వైపు తిరిగాడు.

"శ్రీమన్నారాయణ అని మా రిజిస్టర్‌లో రాసినావు. ఆ దేవుడి పేరు ఈడ వదిలిపెట్టి, నీ పేరు చెప్పప్పా."